పచ్చ పావడా పిల్ల

చిరంజీవి లోకేశ్వరికి మీ అమ్మ దీవెనలు. పళని మురుగన్ దయవల్ల ఇక్కడ నేనూ మీ నాయనా బాగున్నాము. నువ్వు ఆ హైదరాబాదులో వేళకు తింటున్నావని నమ్ముకుని ఉన్నాను.

నువ్వు గీసిన బొమ్మ ఫోనుకు వచ్చిన మర్నాడు నీ జాబు వచ్చింది. ఫోనులో చెప్పలేకే కదా నువ్వు జాబు రాశావు. నేనూ అంతే. నా అక్షరాలు భజన పుస్తకం చూసి నేర్చినవి, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

మోకాలి నొప్పి అడిగావు. తగ్గింది. బనియన్ల కంపెనీలో చెకింగ్ టేబుల్ దగ్గర ఇప్పుడు స్టూలు వేశారు. అక్కడివాళ్లు నీ తెలుగు విని నవ్వుతారని రాశావు. మీ నాయనకు చదివి వినిపించాను. "నవ్వనీలే! మనము తాతల కాలంలో ఈ అరవనాటికి తెచ్చుకున్నది భద్రంగా పెట్టుకోనుండాము. మార్చుకొనింది వాండ్లు" అన్నాడు.

ఇక బొమ్మ సంగతి. నాకు కోపం లేదు పాపా. భయం.

నీ పని నాకు కొంచెం తెలుసు. ముగ్గుకు పెట్టినట్టు కంప్యూటర్లో చుక్కలు పెట్టి, చుక్కకూ చుక్కకూ గీత లాగి, వంచి, లోపల రంగు పోస్తావు. ఎంత పెంచినా ఆ గీత చెదరదని నువ్వే చూపించావు. ఎవరిదీ చూసి గీయకుండా నీ సొంతంగా పుట్టించిన మొదటి పిల్ల ఇదేనని, చెల్లెలిని తలుచుకుని గీశానని రాశావు. తిరుప్పూరు కంపెనీ ఒకటి పిల్లల బనియన్ల మీద అచ్చు వేయడానికి అడుగుతోందన్నావు. "కళ్లు మాత్రం మిగిలాయమ్మా. ఎలా ఉండేవో చెప్పు. నువ్వు వద్దంటే ఇవ్వను" అన్నావు.

కన్నెగా పోయిన పిల్లకు మనవాళ్లు పటం కట్టరని నీకు తెలియనిదా? నీ చెల్లెలు ఇలక్కియ జ్వరంలో పోయినప్పుడు తాటాకు పెట్టెలో కొత్త పావడా, గాజులు పెట్టి దూలానికి కట్టాము. ఆడి నెలలో ఒక్కసారి దించి పొంగలి పెడతాము. అంతకుమించి దాన్ని పిలవకూడదు. మట్టిబొమ్మకైనా కళ్లు ఆఖర్న పెడతారు, పెట్టాక అది చూస్తుందని. ఇది కళ్లు తెరిచి ఎవరిని చూస్తుంది? ఒంటిగా ఉన్న నిన్నా? ఉన్న ఒక్క బిడ్డవు నువ్వు.

ఇంకొకటి. ఆ బనియన్లు మా కంపెనీకి వచ్చాయంటే, మరక పడిన పీసు, అచ్చు జారిన పీసు నా చేతి మీదుగానే వేస్టులోకి పోతుంది. దాన్ని చింపి మిషన్ల నూనె తుడుస్తారు. ఆ గుడ్డ మీద ఇలక్కియ మొహం ఉంటే నేనేం కావాలి?

ఇదంతా ఒక ఎత్తు. నువ్వు దానికి పచ్చ పావడా కట్టావు. ఎర్ర అంచు, రెండు వరసల జరీ. లోకా, ఆ పావడా నీ చెల్లెలు బతికుండగా కట్టుకోలేదే! అది పోయాక కొన్నది. పెట్టెలో పెట్టినది. ఏటా ఆడిలో నువ్వు చూసింది దాన్నే. నా బిడ్డ రాలేదు, పెట్టెలోది వచ్చి నీ ఎదుట కూర్చుంది అనుకున్నాను.

ఎవరికీ చెప్పని పని ఒకటి చేశాను. మొన్న ఆదివారం ఆడి కాకుండానే పెట్టె దించాను. పావడా అక్కడ ఉందా లేదా చూడాలని. ఉంది, మడత మడతగా. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పురుగు పట్టకుండా వేసిన రసకర్పూరం గుండ్ల వాసన తప్ప ఏమీ లేదు. అప్పుడు కళ్లు మూసుకుని ఇలక్కియ మొహం తలుచుకుంటే నీ బొమ్మే వచ్చింది పాపా, కళ్లు లేకుండా. దాని స్కూలు కార్డు ఫోటోను ఫోనులో పెంచి చూశాను, గళ్లు గళ్లుగా విడిపోయింది. నీ బొమ్మ ఎంత పెంచినా చెదరదు. కన్నతల్లిని, దాని కళ్లు నాకు గుర్తు రాలేదు. నీకు ఇన్నాళ్లూ జవాబు రాయనిది ఇందుకే.

అలా కూర్చుని ఉండగానే మీ నాయన వచ్చాడు.

"ఏమ్మే జోతీ, పెట్టె యాల దించితివి? ఆడి నెల యాడుండాది?"

దాచలేక ఫోను చూపించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది మన పాప కాదే. మన పాప కట్టింది లోకా పాత పావడా, నీలంది. నడుముకు పిన్నీసు పెట్టుకోని తిరుగుతా ఉండె."

"కళ్లు?" అన్నాను.

"కండ్లా? అది నవ్వితే కండ్లు యాడుండె దానికి! రెండు గీతలే కదా. 'పూనకుట్టీ, పిల్లికూనా, కండ్లు తెరువే' అని నువ్వే కదా తిడతా ఉంటివి."

అంటూ లోపలికి పోయి తన తలగడ కుట్టు విప్పాడు. దూది మధ్య నీలం పావడా ఉంది. ఇన్నేళ్లూ దాని మీద తల పెట్టుకుని పడుకున్నాడు, నాకు చెప్పలేదు. ఇద్దరం గట్టిగా ఏడ్చాము. పక్కింటి పాంచాలి పరిగెత్తుకొచ్చింది, ఏం చెప్పాలో తెలియక ఎలుక అన్నాము.

పచ్చ పావడా పిల్లకు కళ్లు పెట్టకు. ఎవరికీ ఇవ్వకు, తుడిచెయ్యి. నీలం పావడా పిల్లను గియ్యి. నడుముకు పిన్నీసు మరిచిపోకు. నవ్వుతున్నట్టు గియ్యి, కళ్ల చోట వంచిన గీతలు రెండు చాలు. అది నవ్వే వేళ ఎవరినీ చూడదు. ఆ పిల్లను కంపెనీకి ఇవ్వు, పేరు మాత్రం పెట్టకు. భయం పోయిందని అబద్ధం చెప్పను. మరక పీసు ఏదైనా నా టేబుల్‌కు వస్తే వేస్టులో వేయను, కొంగున కట్టుకుని తెచ్చుకుంటాను. కంపెనీవాళ్లు తిడితే తిట్టనీ.

మాటతో రంగు కలవదు, మా కంపెనీలో గుడ్డముక్క పెట్టి కలుపుతారు. అందుకని పావడా అంచు మడత విప్పి, ఎండా నీళ్లూ తగలని లోపలి నుంచి వేలెడంత కత్తిరించి ఈ కవరులో పెట్టాను. ఈ నీలమే వెయ్యి. పని అయ్యాక ఆ ముక్కను నీ తలగడలో పెట్టుకో.

ఇట్లు,
నిన్నూ ఇలక్కియనూ కన్న అమ్మ,
జోతిమణి