మీ అక్క మంచానికి ఎదురుగా రెండు స్పీకర్లు

మార్చి 3, ఆదివారం

చిరంజీవి బావమరిదికి,

బావ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టబోయి సగంలో కొట్టేశాను. ఆ గీత నీకు కనబడుతూనే ఉంటుంది. నా ఒంటికేం లేదు. మీ అక్క ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఇవాళ్టికి నలభై రోజులు. పక్షవాతం వచ్చి పడిపోయిన కుడి చెయ్యి, కుడి కాలు అలాగే ఉన్నాయి. మాట రాలేదు. కళ్లు తెరిచి చూస్తుంది, నోట్లో పెడితే మింగుతుంది, అంతే.

దీనికి ఉత్తరమెందుకు, ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. మా ఇల్లు నీకు తెలుసు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో మంచం, మధ్యన తలుపు కూడా లేదు. నేను ఫోన్లో గుసగుసలాడినా ఆమెకి వినబడుతుంది. పైగా ఆమె సంగతి ఎత్తితే నా గొంతు నా మాట వినదు. కాగితం మీదైతే కాస్త పెద్దమనిషిలా ఉండగలను.

అసలు సంగతికొస్తాను. ఇంటికి పంపేముందు పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఆవిడకి ఇష్టమైనవి రోజూ చెవిన పడేలా, కంట పడేలా చూడండి, ఇష్టమైనదాని కోసమే ముందు మాట కదులుతుంది అన్నాడు. మొదటి ఆరు నెలలే ముఖ్యమట, ఆ తర్వాత ఆశ తగ్గిపోతుందట. ఆవిడకి బాగా ఇష్టమైనది ఏమిటని అడిగాడు. పాటలండీ అన్నాను. ఇంకేం, పాటలు వినిపించండి అన్నాడు.

మన స్టీరియో నీకు తెలియంది కాదు. పదేళ్ల క్రితం నువ్వే దగ్గరుండి కొనిపించావు. ఇంతకంటే తక్కువది కొంటే అసలు కొనకపోవడమే నయం బావా అని కూడా అన్నావు. దానికి జానెడు జానెడు ప్లాస్టిక్ స్పీకర్లు. మిషను చప్పుడు మధ్య వినడానికి సరిపోయేది. ఇప్పుడు మిషను ఆపి ఆమె మంచం పక్కన కూర్చుని వింటుంటే రేకు డబ్బాలోంచి ఎవరో పాడుతున్నట్టుంది. అందుకే ఆమె ఉలకదు పలకదని నాకు గట్టి అనుమానం. కొత్త సెట్టు కొనే తాహతు నాకు లేదు. మందులకే సరిపోతోంది. ఉన్నదాన్నే మెరుగు చెయ్యాలంటే ముందు ఏది మార్చాలి? ఊళ్లోవాళ్ల సెట్లన్నీ బాగుచేస్తావు, సొంత అక్క సెట్టుకి ఏదో దారి చెప్పు.

ఇట్లు,
మీ బావ


ఏప్రిల్ 11, గురువారం

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఆరు పేజీలు! మా పెళ్లయిన నాటి నుంచి నువ్వు నాతో మాట్లాడిన మాటలన్నీ పోగేసినా రెండు పేజీలు రావు. స్పీకర్లనేసరికి నోరు పెగిలింది నీకు.

పైసా ఖర్చు లేని పని ముందు చెయ్యమన్నావు, చేశాను. స్పీకర్లు బీరువా మీంచి దింపి, ఆమె చెవి ఎత్తుకి రెండు స్టూళ్ల మీద పెట్టాను. గోడకి జానెడు ఇవతలికి జరిపాను. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో ఆమె తలకీ అంతే దూరముండాలన్నావు. దర్జీవాడికి కొలతలు చెబుతావా? ముక్కు దగ్గర టేపు పెట్టి ఎడమ దానికి డెబ్బై రెండు అంగుళాలు, కుడి దానికి డెబ్బై రెండు, సరిగ్గా కుదిర్చాను. టేపుతో ముఖం మీదకి వంగితే కళ్లు మూసుకుంది పాపం. పడుకోబెట్టి జాకెట్టు కొలత తీస్తున్నాననుకుందేమో.

ఉత్త గోడలైతే శబ్దం తిరిగొచ్చి గజిబిజి అవుతుందన్నావు కదా, అలమరలో మిగిలిపోయిన సూటు గుడ్డలన్నీ రెండు గోడలకీ వేలాడదీశాను. కసరత్తు చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి చూసి, బట్టల షాపు పెట్టారా అంకుల్ అని నవ్వింది.

ఆంప్లిఫయర్ జోలికి పోకు, ఉన్న డబ్బు స్పీకర్ల మీద పెట్టు అన్నావు. పాత సామాన్ల కొట్టాయన దగ్గర చెక్క స్పీకర్లు దొరికాయి, మోయలేనంత బరువు. ఒకదాని ముందు గుడ్డ చిరిగి ఉంది, అది నేను కుట్టుకోగలను. బేరమాడీ ఆడీ నోరు నొప్పెట్టాక, కొంత డబ్బూ, ఆయనకి రెండు ప్యాంట్లూ కుట్టిచ్చేలా ఒప్పందమైంది. సన్న తీగ పీకేసి నువ్వు చెప్పిన మందం తీగ కొని నేనే బిగించాను.

ఇప్పుడు చెబుతాను విను. చప్పుడు పెద్దదైంది, నిజమే. కానీ ఏదో తేడాగా ఉంది. పాడే మనిషి ఎదురుగా లేడు. మంచం కిందో, నా తల వెనకో ఎక్కడో ఉండి పాడుతున్నట్టుంది. బరువైన స్పీకర్లు కదా, డ్రమ్ము దెబ్బ గుండెకి తగలాలి, అది బొత్తిగా లేదు. పొద్దున గంట, మధ్యాహ్నం గంట, సాయంత్రం గంట పెడుతున్నాను. ఆమె నావైపు చూడదు, స్పీకర్ల వైపు చూడదు. గోడ మీది సూటు గుడ్డల వైపు చూస్తూ పడుకుంటుంది.

ముప్పై ఐదేళ్లుగా ఎంతటి వంకర ఒంటికైనా చొక్కా అమర్చినవాణ్ణి. ఇక్కడ ఏం చెయ్యాలో నాకు పాలుపోవడం లేదు. ఎవరైనా ఇది ఇలా కత్తిరించు అని చెబితే బాగుండుననిపిస్తోంది. తొందరగా జవాబు రాయి.

ఇట్లు,
మీ బావ


మే 5, ఆదివారం

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు. ఈసారి నాలుగు ముక్కలే రాశావు, ఆ నాలుగూ నా నెత్తిన మొట్టినట్టున్నాయి. స్పీకరు వెనక ఎర్ర స్క్రూకి ఏ తీగ, నల్ల స్క్రూకి ఏ తీగ పెట్టావో చూసుకో, రెండు వైపులా ఒకేలా ఉండాలి అన్నావు. చూశాను. జంట తీగలో ఒకదాని మీద గీత ఉంటుంది కదా, కుడి దానికి ఆ గీత ఉన్న తీగ ఎర్ర స్క్రూకి ఉంది. ఎడమ దానికి నల్ల స్క్రూకి ఉంది.

అది చెయ్యి జారి చేసింది కాదు, తెలిసి చేసిందే. చొక్కా చేతులు రెండూ ఒకేలా కత్తిరిస్తే గుడ్డ దండగ. కుడి చెయ్యి ఎలా ఉంటుందో ఎడమ చెయ్యి దానికి ఎదురుగా ఉండాలి. జత అంటే నా చేతికి తెలిసింది అదే. అందుకని ఎడమ దాన్ని తిరగేసి బిగించాను. బిగించి, ఎంత బాగా కనిపెట్టానో అని మురిసిపోయాను కూడా.

నువ్వు నవ్వుకునే ఉంటావు. నాకు నవ్వు రాలేదు. ఒక స్పీకరు గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, మధ్యలో గొంతు చచ్చిపోతుంది అని రాశావు. అంటే డాక్టరు చెప్పిన ఆరు నెలల్లో ఒక నెల నా చేతులారా నేనే పాడుచేశాను. నిన్న ఆ తీగ విప్పి, రెండు వైపులా గీత ఉన్నది ఎర్ర స్క్రూకే బిగించాను.

సరిచేశాక పాట పెట్టాను. ఏం చెప్పమంటావు! పాడే మనిషి నడిచొచ్చి మంచానికి ఎదురుగా నిలబడ్డాడు. ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. డ్రమ్ము దెబ్బకి మందు సీసాలు కదిలాయి. నేను పాట వినలేదు, మీ అక్క ముఖమే చూస్తున్నాను. పాట సగమయ్యేసరికి ఎడమ కంటి నుంచి నీళ్లు కారాయి. తల నావైపు తిప్పింది. నాలుగు నెలల్లో మొదటిసారి నన్ను వెతుక్కుంటూ చూసింది.

ఫిజియో అమ్మాయికి చెబితే చాలా మంచి సూచన అంకుల్, ఆపకండి అంది. అందుకే అడుగుతున్నాను, ఇప్పుడైనా ఆంప్లిఫయర్ మార్చనా? పాత సామాన్ల కొట్టాయన దగ్గర ఒకటి ఉంది. ఆయన అన్నకి కూడా ప్యాంట్లు కావాలట.

నీ ఆరోగ్యం జాగ్రత్త. వేళకి తిను.

ఇట్లు,
మీ బావ

తా.క. పైన రాసింది అబద్ధం కాదు, సగం. మిగతా సగం ఆ అమ్మాయికి చెప్పలేదు. నీకూ చెప్పకుండా కవరు అంటించేద్దామనుకున్నాను.

నావైపు తిరిగాక మీ అక్క మాట్లాడింది. ఆపండి అంది. మాట ముద్దగా ఉంది కానీ నాకు తెలిసింది. మాటొచ్చిందన్న సంతోషంలో ఏమిటీ ఏమిటీ అని మళ్లీ అడిగాను. మళ్లీ అదే అంది. ఆపేశాను. అప్పుడు కళ్లు మూసుకుని, పెద్ద పని నుంచి తెరిపిన పడ్డ మనిషిలా ఊపిరి వదిలింది. ఆ తర్వాత మళ్లీ మాట లేదు.

పాటలు నాకిష్టం రా. ఆ సెట్టు కొనుక్కున్నది నాకోసం. ముప్పై ఒక్క ఏళ్లు నా పక్కన కూర్చుని హుక్కులు కుడుతూ, కాజాలు తీస్తూ ముందు రేడియో, తర్వాత ఈ సెట్టు విన్నది కదా అని డాక్టరుతో అలా అనేశాను. ఆయన అడగ్గానే నాకు తోచింది అదొక్కటే. నిన్నటి నుంచి కూర్చుని ఆలోచిస్తున్నాను, రెండోది తోచడం లేదు. ఆమె పెట్టె తెరిచి చూశాను. అన్నీ నా చొక్కాల గుండీలే. పక్కింటావిడని అడిగితే, మా ఆయనకి అదిష్టం, ఇదిష్టం అని మీ సంగతులే చెప్పేది అన్నయ్యగారూ అంది.

ఇంకా రెండు నెలలు కూడా లేవు. ఈ మాట ఆమెకి వినబడేలా ఫోన్లో నిన్ను అడగలేను. ఆంప్లిఫయర్ సంగతి వదిలెయ్యి. మా పెళ్లికి ముందు పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో పెరిగారు మీరిద్దరూ. మీ అక్కకి ఏమిష్టం? ఎంత చిన్నదైనా సరే, నీకు గుర్తున్నది రాయి.