కోటు అక్కర్లేని ఊరు

జనవరి, మంగళవారం

ఇవాళ కూడా విక్టోరియాలో ఎనిమిది డిగ్రీలు, సన్నటి వాన. చలికి ఓర్చుకోలేకే ఆయన ఈ దీవిని వెతికి పట్టుకున్నారు. "జనవరిలోనూ సగటు మైనస్‌కి పోదు. ఎండాకాలం ఇరవై చుట్టుపక్కలే. ఇక మనకి ఆ బరువు కోట్లెందుకే?" అని, ఆ మంచు ఊరు మిస్సిసాగా వదిలిన రోజే మా ఇద్దరి కోట్లూ ఎవరికో ఇచ్చేశారు. ఇంక తిరిగి వెళ్ళేది లేదనే కదా!

పొద్దున మిస్సిసాగా నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది, టికెట్ బుక్ చేసిందట. "నాన్న లేకుండా అక్కడ ఒక్కదానివీ ఎందుకమ్మా? ఇక్కడ మైనస్ ఎయిటీన్. డూ యూ ఈవెన్ హ్యావ్ ఎ కోట్?"

లేదన్నాను.

సాయంత్రం కొనడానికి వెళ్ళాను. ఈ ఊరి షాపుల్లో అన్నీ రెయిన్ జాకెట్లే. చివరికి ఒకచోట, బాగా వెనక, మందపాటి కోట్లు కొన్ని కనిపించాయి. ఒకటి తీసి, లోపలి దూది నొక్కి చూసి, భుజాల దగ్గర జాన పెట్టి కొలుస్తున్నాను. సరిపోతుందనిపించింది.

"దిస్ ఈజ్ మెన్స్, మేడమ్" అంది షాపులో అమ్మాయి, మెల్లగా.

తెలుసన్నాను. చెయ్యి మాత్రం వెంటనే తీయలేకపోయాను.