నాన్న సైకిల్ బెల్లు

అక్కా,

పాప చూసే ట్యాబ్‌కు రోజుకు అరగంటే అని తాళం పెట్టాను. నేను పాస్‌వర్డ్ నొక్కుతుంటే వేళ్లు చూసి, ఆరేళ్ల పిల్ల రెండ్రోజుల్లో పట్టేసింది!

నాన్న రేడియో నాబ్ పీకి జేబులో వేసుకుని షాపుకు వెళ్లడం, మనం పట్టకారుతో తిప్పుకుని పాటలు వినడం గుర్తుందా? సందు మొదట్లో సైకిల్ బెల్లు వినగానే కట్టేసి, పుస్తకాలు తలకిందులుగా పట్టుకునేవాళ్లం.

నిన్న డాబా మీద బట్టలు ఆరేసి దిగుతుంటే, కిటికీలోంచి ట్యాబ్ ముందు నవ్వుకుంటున్న పాప కనిపించింది. "ఏయ్!" అనబోయి ఆగాను. నాలుగు మెట్లు వెనక్కెక్కి, ఖాళీ బకెట్టు చప్పుడయ్యేలా గోడకు తగిలిస్తూ మళ్లీ దిగాను. లోపలికెళ్లేసరికి బుద్ధిగా బొమ్మ గీస్తోంది.

పాస్‌వర్డ్ రేపు మారుస్తాలే. కానీ అక్కా, ఆ సందులో ఎప్పుడూ ఎవరూ అడ్డుండేవాళ్లు కాదు కదా. నాన్న బెల్లు ఎవరి కోసం కొట్టేవాడంటావు?

నీ చెల్లి