ఆనందబాష్పాలు అని రాసిన ఫోటో

మార్చి 14, శనివారం

పొద్దున్నే ప్రిన్సిపాల్ గారు పిలిచి, నిన్న కాలేజీ డేలో నేను తీసిన ఫోటో ఒకటి మ్యాగజైన్ అట్ట మీద వేస్తామన్నారు. మెడల్ కోసం మా క్లాసు సునీత పేరు పిలిచినప్పుడు, ముందు వరుసలో వాళ్ళమ్మ చెంపల మీద కన్నీళ్ళు. దాని కింద 'ఆనందబాష్పాలు' అని రాసి రాత్రే కాలేజీ పేజీలో పెట్టాను. ఆ మాట తట్టినందుకు ఎంత మురిసిపోయానో.

మధ్యాహ్నం సునీత క్యాంటీన్ దగ్గర ఆపింది.

"ఏరా, అవి ఆనందబాష్పాలా? మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తా తీస్తా లేచి పరిగెత్తుకొచ్చింది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. నీళ్ళెక్కడ బాబూ అని నిన్నే అడిగిందంట. నువ్వేమన్నావు?"

ఏమన్నానో నాకు గుర్తుంది. "ఒక్క నిమిషం కదలకండి అమ్మా" అన్నాను. వరసగా ఏడు ఫోటోలు తీశాను.

"కళ్ళు తెరవలేక, నేను మెడల్ తీసుకోవడం కూడా అమ్మ చూళ్ళేదురా. పోనీ నేను మెడల్ తీసుకునే ఫోటో అన్నా ఇవ్వు, ఇంట్లో చూపిస్తా."

పంపిస్తానన్నాను. అబద్ధం. సునీత మెడల్ తీసుకుంటున్న ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. ఆ క్షణంలో నేను స్టేజీకి వీపు పెట్టి వాళ్ళమ్మ కన్నీళ్ళు తీస్తున్నాను.

పోస్టు తీసేశాను. ప్రిన్సిపాల్ గారికి మాత్రం ఇంకా చెప్పలేదు. అట్ట మీద నా పేరు కూడా వేస్తామన్నారు మరి. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది.

రేపు ఆదివారం. సునీతావాళ్ళు చర్చికి బయల్దేరకముందే వాళ్ళ ఊరు నల్లపాడు వెళ్ళి, ఆ ఫోటో లేదన్న సంగతి వాళ్ళమ్మగారికి నేనే చెప్పాలి.