చివరి పేజీలు లేని పుస్తకం

ప్రియమైన శ్రీమతికి,

ఇక్కడ నేనూ, పిల్లలిద్దరూ, కుట్టుమిషనూ క్షేమం. మిషను ఒక్కటే అప్పుడప్పుడు మూలుగుతోంది, నూనె వేస్తే ఊరుకుంటుంది. అక్కడ నువ్వూ, నీ వార్డులో రోగులూ క్షేమమని తలుస్తాను. వేళకు తింటున్నావా? తింటున్నానని రాస్తావు, నేను నమ్మను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పాలు తాగుతున్నారు. జుట్టు నేనే కత్తిరించాను. ఆ తర్వాత చాలా రోజులు పెద్దాడు టోపీ తియ్యలేదు. లెక్కల పుస్తకాలు కొన్నారా అన్నావు. కొనలేదు. కొలతల టేపుంది, గుండీల డబ్బా ఉంది, కత్తిరింపు బల్లే మనకు పలక. ఒక చొక్కాకు ఇంత గుడ్డయితే ఏడు చొక్కాలకు ఎంతో పెద్దాడు నాకంటే ముందే చెప్పేస్తున్నాడు. పైగా నేను గుడ్డ దండగ చేస్తున్నానని సణుగుడు ఒకటి. మిగిలిన ముక్కలతో ప్రపంచ పటం కుట్టాం. సముద్రాలకు నీలం లైనింగు వాడితే సగంలోనే అయిపోయింది. సముద్రాలు అంత పెద్దవని నాకూ అప్పుడే తెలిసింది. మిగతా సముద్రానికి గళ్ళ చొక్కా గుడ్డ వేశాం. ఎవరైనా అడిగితే అక్కడ అలలు ఎక్కువని చెబుతోంది చిన్నది.

ఇక నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడిగేది, నేను ప్రతిసారీ దాటేసేది. రాస్తోంది సరే, చిన్నది పుస్తకం చదువుతోందా? బడిలో దాన్ని మొద్దు అన్నారనీ, తనకంటే చిన్నపిల్లల వరుసలో కూర్చోబెట్టారనీ ఇద్దరినీ మాన్పించి, ఇంట్లోనే చెప్పుకుందామన్నది నేను. నువ్వు సెలవు మీద వచ్చేసరికి దానికి చదవడం రాకపోతే మళ్ళీ అదే బడి, అదే వరుస అంటే ఒప్పుకున్నదీ నేనే. ఈ ఏడాదంతా ఆ మాట నా మెడమీద కత్తిలా ఉంది.

పాత కాగితాల కొట్లో తూకానికి పుస్తకాలు తెచ్చుకుంటున్నామని రాశాను కదా. ఈమధ్య తెచ్చినవాటిలో అట్ట లేని నవల ఒకటి దొరికింది. ఊళ్ళో గడియారాలన్నీ ఎత్తుకుపోయే దొంగ కథ. పెద్దాడు రోజుకు కాస్త చదివి చెల్లెలికి వినిపించేవాడు. డిటెక్టివు దొంగసొత్తు దాచిన నేలమాళిగ దగ్గరికి చేరేసరికి వాడు టక్కున పుస్తకం మూసేశాడు.

"నా వంతు గిన్నెలు నువ్వు తోమితేనే మిగతాది చదువుతా."

"తోమను. నేనే చదువుకుంటా, పో!"

"నీకొచ్చా?"

అంతే. పుస్తకం లాక్కుని బల్ల కింద దూరింది. భోజనం కూడా అక్కడికే తెప్పించుకుంది. నేను బుజ్జగించి చెబితే రాని అక్షరాలు కోపం చెబితే వచ్చాయి. కొన్ని రోజులకు బయటికొచ్చి, అన్నయ్యను ఎదురుగా కూర్చోబెట్టి, మాట మాటకూ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి వినిపించింది. మిషను మీద నా కాలు ఆగిపోయింది. దొంగ ఎవరో కాదట, గడియారాలు బాగుచేసే ఆయనేనట. బాగుచేయించుకోవడానికి ఎవరూ రావడంలేదని తనే ఎత్తుకొచ్చి, అన్నిటినీ బాగుచేసి వరసగా పెట్టాడట. పెద్దాడు నోరు తెరుచుకుని విన్నాడు. నా సంతోషం ఏమని చెప్పను! లేచి ఇద్దరినీ ఎత్తుకుని గిరగిరా తిప్పేశాను.

వాళ్ళు ఆటకు పోయాక ముచ్చటపడి పుస్తకం తెరిచాను. డిటెక్టివు తలుపు తోసిన చోటే ఆఖరు. ఆ తర్వాత పేజీలే లేవు.

"లేని పేజీలు ఎలా చదివావే?" అని పిలిచి అడిగాను.

"లేకపోతే నేనేం చెయ్యను? దొంగని పట్టుకోకుండా వదిలేస్తామా?"

"మరి ఉన్నవైనా చదివావా, అవీ అల్లేశావా?"

అది మూతి ముడుచుకుంది. ఎవరూ దానికి చదివి వినిపించని కాగితం కోసం చుట్టూ చూశాను. పొద్దున వచ్చిన నీ ఉత్తరం పని తొందరలో విప్పకుండా బల్ల మీదే ఉంది. చేతికిచ్చాను.

చదివింది! మెల్లగా చదివింది, ఆగి ఆగి చదివింది, ఒక్క మాట వదలకుండా చదివింది. 'మీ గురక వినబడక నిద్ర పట్టడంలేదు' అని నువ్వు రాసిన ముక్క కూడా వీధిలోకి వినబడేలా చదివింది. పెద్దాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాను, నవ్వో ఏడుపో ఏదీ కనబడకుండా.

తర్వాతి ముక్క దగ్గర అది ఆగిపోయింది. 'చిన్నదాని రాత ఎంత కుదురుకుందో! తన ఉత్తరాలన్నీ దిండు కింద దాచుకుంటున్నాను.'

"నేనెప్పుడు రాశాను? నేను చెబితే అన్నయ్య కదా రాసింది?"

ఇద్దరం తలలు వంచుకున్నాం.

చెప్పేస్తున్నాను. నా ఉత్తరాల అడుగున వచ్చే ఆ వంకర గీతలు చిన్నదానివి కావు. మాటలు దానివే. రాసింది పెద్దాడు, ఎడం చేత్తో, నేను రాయమంటే. నీ దగ్గర ఓడిపోతానని కాదు, దాన్ని మళ్ళీ ఆ వరుసలో కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పక. నువ్వు వాటిని దిండు కింద దాచుకుంటున్నావని విన్నప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించు.

"అమ్మకి ఇవాళే చెప్తావా, నన్ను రాయమంటావా?" అని నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది. అచ్చం నువ్వే. అందుకే ఇద్దరం రాస్తున్నాం. అడుగున దానికి చోటు వదిలాను. ఆ కాస్త చోటా అని కసిరింది.

ఇట్లు,
నీ 'ఏమండీ'

అమ్మా,
ఇది నేనే రాశాను. నాన్నను తిట్టకు, నేను తిట్టేశాను. దిండు కింద ఉన్నవి అన్నయ్యకు ఇచ్చెయ్యి. ఇది పెట్టుకో. ఈసారి జవాబు నాకు రాయి. నేనే విప్పుతాను.

ఇట్లు,
నీ చిన్నది