పుత్రపౌత్ర పారంపర్యంగా నర్సు

ఏమండీ,

మీ శిష్యుడు రత్తయ్యకు పొలం దస్తావేజు తప్ప ఇంకేదీ రాయడం నేర్పకుండా వెళ్లిపోయారు. అదిప్పుడు నా మెడకు చుట్టుకుంది.

మన సుశీలకు తిరువూరులోనే నర్సు ఉద్యోగం వచ్చింది. ఒప్పందం కాగితం రాయించుకు రమ్మన్నారు డాక్టరు గారు. పొద్దున్నుంచీ కూర్చుని రత్తయ్య రాసింది చదివితే నాకు ఒళ్లు మండిపోయింది. "సదరు సుశీలను నేడు మీకు స్వాధీనపరిచాము. మీరు పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన విక్రయాది సర్వహక్కులతో సుఖాన అనుభవించగలవారు" అట!

"పిల్లనేమైనా అమ్ముకుంటున్నామా, రత్తయ్యా?" అన్నాను.

"గురువుగారు నేర్పింది ఇదేనండి. పెనుగొలను పొలాలన్నిటికీ ఇదే రాశామండి."

"మరి నాకు హద్దులు రాయలేదేం బాబాయ్?" అంటూ సుశీల పడీపడీ నవ్వింది.

"ఖాళీ వదిలానమ్మా, డాక్టరు గారినడిగి రాద్దామని."

తల బాదుకుని, పక్కనే కూర్చుని ఒక్కొక్క ముక్కా కొట్టేయించాను. కొట్టేయగా కొట్టేయగా పై వరుస ఒక్కటే మిగిలింది. అందులో సుశీల ఎవరి కుమార్తో రాస్తూ, మీ పేరు ముందు 'కీర్తిశేషులు' అని పెట్టాడు.

"ఇదీ కొట్టేయమంటారా అండి?" అన్నాడు, కలం ఎత్తి పట్టుకుని.

ఉండనివ్వమన్నాను.