పుంజుకి తెలిసిన గళ్ళ చొక్కా

ఏమండీ, నేను షాపుకి వెళ్తున్నా. సాయంత్రం కోళ్ళకి గింజలు మీరే వెయ్యాలి. పాపని పెరట్లోకి వెళ్ళనివ్వకండి. పుంజు మీదకొస్తే పరిగెత్తొద్దు, కర్ర ఎత్తొద్దు. తట్ట అడ్డం పెట్టుకుని కదలకుండా నిలబడితే అదే తగ్గుతుంది.

నిన్న కూడా అది నా పిక్క చీరేసింది. మీరేమో ‘నన్నేమీ అనదు, నీకే మచ్చిక చేసుకోవడం రాదు’ అని నవ్వారు. పొద్దున నా బట్టలు ఆరలేదని, మీరు రోజూ పెరట్లోకి వేసుకెళ్ళే గళ్ళ చొక్కా తొడుక్కుని గుడ్లు తియ్యడానికి వెళ్ళాను. అంత పొగరుబోతు పుంజూ నన్ను చూడగానే గూటి వెనక నక్కింది. గింజలు చల్లినా బయటికి రాలేదు. మచ్చికైన కోడి అలా బెదరదు. మొన్న చీపురు కర్ర గాలికి విరిగిందన్నారు, అదీ ఇప్పుడు గుర్తొస్తోంది. మీరు దాన్ని బాదుతుంటే ఆ కసి అది నా మీద తీర్చుకుంటోందా? నేను వచ్చేలోపు ఏదో ఒకటి అల్లకుండా, వచ్చాక ఉన్నది చెప్పండి.

అన్నట్టు, ఆ చొక్కా నానబెట్టేశాను. ఇవాళ అది లేకుండానే వెళ్ళండి. నా పిక్కకి రాసుకున్న మందు కిటికీలో ఉంది. మీకు సరిపడా మిగిల్చాను.